మాట చెడకుండా పాడిన టెనర్ జార్జ్ తిల్

సంపాదకుల వారికి,

మీ ఆదివారం అనుబంధంలో ఒపెరా (పాశ్చాత్య సంగీత నాటకం) గాయకుల మీద వచ్చిన వ్యాసంలో కరూసో, జీలీ, పవరోటీల గురించి వివరంగా రాశారు, సంతోషం. ఫ్రాన్సు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘అక్కడి గొంతులు నాజూకువే గాని నిండుదనం తక్కువ’ అని ఒక్క వాక్యంతో దాటేశారు. ఫ్రెంచి గాయకుడు జార్జ్ తిల్ పేరు జాబితా చివర ‘జార్జెస్ థిల్’ అని అచ్చయింది. యానాం పేరు చెప్పుకుని ఫ్రెంచివాళ్ళతో చుట్టరికం కలుపుకునే మనం ఇంతకంటే కాస్త మర్యాద చేయొచ్చు. తిల్‌ది టెనర్, అంటే మగగొంతుల్లో పై స్థాయిది; వెర్డీ, పుచ్చీనీ, వాగ్నర్ ముగ్గురి ఒపెరాలూ మోయగలిగిన గొంతు. అంత గొంతు పెట్టుకుని ఫ్రెంచి మాటను ఒక్క అక్షరం నలగనీయకుండా పాడటం ఆయన ప్రత్యేకత. అది ఎందుకు కష్టమో, ఆయన ఎలా సాధించాడో, ఇవాళ ఏ రికార్డుల్లో ఎలా వినాలో చెప్పడానికి ఈ ఉత్తరం. నిడివికి మన్నించాలి.

తిల్ 1897 డిసెంబరు 14న పారిస్‌లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక పారిస్ కన్సర్వేటరీలో చేరాడు గాని అక్కడి చదువు ఆయనకు సరిపడలేదు. నేపుల్స్ వెళ్ళి ఫెర్నాండో దె లూచియా దగ్గర శిష్యరికం చేశాడు. దె లూచియా అప్పటికి అరవై దాటిన పెద్దాయన, పాత ఇటాలియన్ పద్ధతికి మిగిలిన చివరి పెద్ద గాయకుల్లో ఒకడు. 1921లో కరూసో అంత్యక్రియల్లో పాడింది ఆయనే. తిరిగొచ్చిన తిల్ 1924 ఫిబ్రవరి 24న పారిస్ ఒపెరాలో మాస్నే రాసిన ‘తాయీస్’లో నిసియాస్ పాత్రతో రంగప్రవేశం చేశాడు. కొద్ది ఏళ్ళలోనే ఆ నాటకశాలకు ప్రధాన టెనర్ అయ్యాడు.

ఫ్రెంచి పాట పాడటానికి నేపుల్స్ దాకా ఎందుకు పోవాలి? దీనికి తిల్ కాలం నుంచి దాదాపు వందేళ్ళ వెనక్కి వెళ్ళాలి. 1830ల దాకా పారిస్ ఒపెరాలో పెద్ద టెనర్ ఆడోల్ఫ్ నూరీ. పై స్వరాలను గుండె బలంతో కాకుండా, ఛాతీ గొంతునూ (మాట్లాడే నిండు గొంతు) తల గొంతునూ (పైన పలికే పలచని గొంతు) కలిపి తేలిగ్గా తీసేవాడు. ఫ్రెంచివాళ్ళు దీన్నే మిశ్రమ స్వరం అంటారు. 1837లో గిల్బెర్ డ్యూప్రే ఇటలీలో నేర్చుకుని వచ్చి, రొస్సీనీ ‘గియోమ్ తెల్’లో పై ‘సి’ స్వరాన్ని నిండు ఛాతీ గొంతుతో పాడాడు. హాలు ఊగిపోయింది. రొస్సీనీ మాత్రం అది గొంతు కోస్తున్న కోడి అరుపులా ఉందన్నాడని చెప్పుకుంటారు. నూరీ పారిస్ వదిలి ఆ కొత్త పద్ధతి నేర్చుకోవడానికి నేపుల్స్ చేరాడు. అది పట్టుబడలేదు, ఉన్నదీ పోయింది. 1839 మార్చిలో అక్కడే మేడ మీంచి దూకి ప్రాణం తీసుకున్నాడు.

అప్పటి నుంచీ ఫ్రెంచి టెనర్లు రెండు దారులయ్యారు. ఒకళ్ళు పారిస్‌లోని మరో నాటకశాల ఒపెరా కొమీక్‌లో పాడే తేలికగొంతు వాళ్ళు: మాట స్పష్టంగా ఉంటుంది, వాద్యబృందం పెద్దదైతే వినపడరు. రెండోవాళ్ళు గ్రాండ్ ఒపెరాలో పాడే బలమైన గొంతువాళ్ళు: వినపడతారు, మాట మాత్రం అరుపులో నలిగిపోతుంది. మీ వ్యాసకర్త ‘నాజూకు’ అన్నది మొదటివాళ్ళను విని అయి ఉంటుంది. తిల్ ఈ రెండు దారుల్నీ మళ్ళీ ఒకటి చేశాడు. నూరీ ప్రాణం తీసిన ఊళ్ళోనే తిల్‌కు ఆ కీలకం దొరకడం విచిత్రమే.

కీలకం ఎక్కడుందో హార్మోనియం లెక్కలో చెబితే మనవాళ్ళకు సులువు. మధ్య స్థాయి ‘సి’ని ఒకటి అనుకుంటే, టెనర్ గొంతులో నాలుగు, నాలుగున్నర మీటల దగ్గర ఒక మలుపు ఉంటుంది. సెకనుకు సుమారు 350 నుంచి 370 కంపనాల మధ్య. దాని కింద మాట్లాడే గొంతుతోనే పాడవచ్చు. ఆ పైన అదే తీరున నోరు తెరిచి తోస్తే స్వరం పలచబడి కేక అవుతుంది, కంఠం త్వరగా అలుస్తుంది. అందుకే అక్కడ అచ్చును కొద్దిగా ‘కప్పుతారు’: ‘ఆ’ను రవ్వంత ‘ఓ’ వైపు, ‘ఏ’ను రవ్వంత గుండ్రంగా మారుస్తారు, కంఠాన్ని కిందికి ఉంచుతారు. తక్కువ కప్పితే అరుపు. ఎక్కువ కప్పితే అన్ని అచ్చులూ ఒకే ‘ఓ’ అయిపోయి, పాడేది ఏ భాషో తెలియదు. ఇటాలియన్‌లో శుద్ధమైన అచ్చులు ఏడే, ప్రతి మాటా దాదాపు అచ్చుతో ముగుస్తుంది కాబట్టి కొంచెం ఎక్కువ కప్పినా చెల్లుతుంది. ఫ్రెంచిలో డజను పైగా అచ్చులున్నాయి. ‘ఉ’కీ ‘ఇ’కీ మధ్య ఒకటి, ‘ఏ’కీ ‘ఓ’కీ మధ్య రెండు, ఇవి కాక నాలుగు అనునాసికాలు. ఎక్కువ కప్పితే వీటి మధ్య తేడా పోయి మాట మారిపోతుంది. కనుక ఫ్రెంచి గాయకుడు కప్పాలి, కప్పినట్టు తెలియకూడదు.

అసలు చిక్కు అనునాసికాలతో. ‘అఁ బోఁ వేఁ బ్లాఁ’ (ఒక మంచి తెల్ల ద్రాక్షసారా) అనే పలుకులో నాలుగూ వరుసగా వస్తాయి, పాఠం చెప్పేవాళ్ళు అందుకే దాన్ని వాడతారు. మన అరసున్నాకు దగ్గరి ధ్వనులివి. ముక్కులోంచి గాలి పోతుంది, నాలుక గాని పెదవులు గాని మూసుకోవు. ఇతర భాషలవాళ్ళు చేసే తప్పు దీన్ని నిండు సున్నాగా పలకడం. పెదవులు మూసిన క్షణాన అచ్చు చచ్చిపోతుంది, స్వరం ముక్కులోకి దిగిపోతుంది. మరో ఇబ్బంది ధ్వనిశాస్త్రానిది. ముక్కుదారి ఎంత తెరిస్తే గొంతులోని బలం అంత తగ్గుతుంది. నాటకశాలలో టెనర్ వాద్యబృందాన్ని దాటి వినపడేది 3000 కంపనాల దరిదాపుల్లో ఉండే మెరుపు వల్ల. వాద్యబృందం ధ్వని ఎక్కువగా 500 దగ్గర పోగుపడుతుంది, పైకి వెళ్ళేకొద్దీ తగ్గుతుంది. గొంతు మెరుపు ఆ ఖాళీలోంచి బయటపడుతుంది. ముక్కు ఎక్కువైతే ఆ మెరుపూ పోతుంది. కాబట్టి కింది స్వరాల్లో అనునాసికం పూర్తిగా పలికి, పైకి వెళ్ళేకొద్దీ దాన్ని వాసనమాత్రంగా ఉంచాలి.

గూనో ‘ఫౌస్ట్’ మూడో అంకంలో టెనర్ పాడే ‘సల్యూ దెమూర్’ తీసుకోండి. శ్రుతి ఎ ఫ్లాట్, మన లెక్కలో ఐదున్నర. పక్కన ఒక్క వయొలిన్ ఆయన మాటకు తోడు నడుస్తుంటుంది. చివర్లో పై ‘సి’ వస్తుంది, సెకనుకు 523 కంపనాలు. ఆ స్వరం ‘ప్రెజాఁస్’ అనే మాటలో ‘జాఁ’ మీద పడుతుంది. అంటే టెనర్‌కు అతి ఎత్తైన చోట అతి చిక్కు అచ్చును గూనో పెట్టాడు. అక్కడ చాలామంది ‘జా’ అని శుద్ధంగా తెరిచేస్తారు, స్వరం మోగుతుంది గాని మాట ఇటాలియన్ అవుతుంది. మరికొందరు ముక్కుతో పట్టుకుని స్వరాన్ని పిండేస్తారు. తిల్ రికార్డులో ముందు ‘ప్రె’ దగ్గర ఊపిరి ఎంత నెమ్మదిగా సర్దుకుంటాడో, ఆ తర్వాత మాట చివర ‘స్’ ఎలా వినపడుతుందో గమనించండి. పై స్వరం అయ్యాక ఊపిరి మిగిలితేనే ఆ ‘స్’ తేటగా వస్తుంది. మిగలనివాళ్ళకు అది మింగుడు పడుతుంది. దె లూచియా పాఠం ఫలించిందని చెప్పడానికి పై స్వరం కంటే ఆ ‘స్’ పెద్ద సాక్ష్యం.

గూనో ‘రోమియో–జూలియెట్’ రెండో అంకంలోని ‘లెవ్ త్వా సొలేయ్’లో పరీక్ష వేరు. బి ఫ్లాట్ శ్రుతి, అంటే ఆరున్నర. పై స్థాయి బి ఫ్లాట్ ‘పరే’ అనే మాటలోని విప్పారిన ‘ఏ’ మీద పడుతుంది. ఆ అచ్చును వెడల్పుగా తెరిస్తే మేకపిల్ల అరుపే. కప్పితే ‘పరో’ అయి అర్థం పోతుంది. తిల్ పెదవుల్ని మాత్రం గుండ్రం చేసి నాలుకను ‘ఏ’ దగ్గరే ఉంచుతాడనిపిస్తుంది వింటే. మాట మాటగానే ఉంటుంది, స్వరం మోగుతుంది.

ఇంకా రెండు చిన్న సంగతులు. ఫ్రెంచిలో మాట చివర రాసే ‘e’ అక్షరం మాట్లాడేటప్పుడు పలకదు, పాటలో దానికో స్వరం ఉంటుంది. దాన్ని ‘ఏ’ అని నొక్కితే మోటు, వదిలేస్తే తాళం తప్పుతుంది. తిల్ దాన్ని అర్ధాంగుళం ఊపిరితో వదులుతాడు, ముందున్న అక్షరం వెలుగు తగ్గకుండా. రెండోది ‘ర’. ఇప్పుడు ఫ్రెంచి నేర్చుకున్నవాళ్ళు గొంతు వెనక గరగరమనే ‘ర’ పాటలోనూ ఆశించి, తిల్ పలుకు విని ‘ఇది ఫ్రెంచేనా’ అంటారు. అప్పటి రంగస్థలంపై నాలుక కొసతో మనలాగే ‘ర’ పలికేవారు. వెనక గరగర పెడితే కంఠం బిగుసుకుంటుంది, తర్వాతి అచ్చు ఆలస్యమవుతుంది. తెలుగువాళ్ళకు ఇక్కడ ఏ ఇబ్బందీ లేదు. పౌరాణిక నాటకాల్లో మైకు లేని రోజుల్లో పద్యం వెనక వరుస దాకా వినపడాలి, సమాసం విడిపోకూడదు, చివర రాగం ఎంత తీసినా మాట ముందే చేరిపోవాలి అని కొలిచిన చెవులు మనవి. ఆ కొలతతోనే తిల్‌ను వినవచ్చు. ఒక తేడా ఉంది: ఆయన చివర రాగం తీయడు. స్వరకర్త రాసినంత కాలమే స్వరాన్ని నిలిపి వదిలేస్తాడు. ‘వన్స్ మోర్’ కోసం చూసే చెవికి ఇది మొదట లోటుగా తోస్తుంది.

ఇక అసలైన రికార్డు. మాస్నే ‘వెర్తేర్’ 1892లో వియన్నాలో మొదట ఆడింది. జర్మన్ రచయిత గేటే 1774 నాటి నవల ఆధారం. పారిస్ ఒపెరా కొమీక్ అధిపతికి కథ మరీ దిగులుగా ఉందనిపించింది, 1887లో ఆ నాటకశాల కాలిపోవడంతో మరీ వెనకబడింది. దాని సంపూర్ణ రికార్డింగు కొలంబియా కంపెనీ 1931లో చేసింది. ఎలీ కోయెన్ నిర్వహణ, ఒపెరా కొమీక్ బృందం, వెర్తేర్‌గా తిల్, షార్లొత్‌గా నినోఁ వాలేఁ, సోఫీగా జెర్మేన్ ఫెరాల్దీ. అప్పట్లో ఒక పన్నెండు అంగుళాల రికార్డు పళ్ళెం ముఖానికి నాలుగు, నాలుగున్నర నిమిషాలే పట్టేది. రెండు గంటల పైచిలుకు ఒపెరాను ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను మైనపు పళ్ళెం మీద ఒకే ఊపున పాడాలి. చివర్లో ఒక కొమ్ము వాద్యం అపశ్రుతి పలికినా మొత్తం ముఖం మళ్ళీ మొదటి నుంచి. అతికించే వీలు లేదు. అలా చేసిన రికార్డులో పాత్ర మనసు అంకం పొడవునా తెగకుండా సాగడమే ఆశ్చర్యం.

మూడో అంకంలోని ‘పూర్‌క్వా మె రెవెయే’ అందరికీ తెలిసిన పాట. ఎఫ్ షార్ప్ మైనర్, అంటే నాలుగున్నర శ్రుతిలో విషాదచ్ఛాయ. పైకి ఎ షార్ప్ దాకా పోతుంది. రెండు చరణాలు, హార్ప్ మీటులతో మొదలు. ఓషియన్ అనే ప్రాచీన కవి పేరుతో ఉన్న పద్యాన్ని వెర్తేర్ చదువుతున్న సందర్భం ఇది, పాడుతున్న సందర్భం కాదు. చాలామంది టెనర్లు మొదటి చరణంలోనే ఉన్నదంతా ఊడ్చేస్తారు, రెండోది దాని నకలు అవుతుంది. తిల్ మొదటి చరణాన్ని పుస్తకం చేతిలో ఉన్నట్టు పాడతాడు, తేటగా, తొందర లేకుండా. రెండో చరణంలో రేపు వచ్చే బాటసారి తన వైభవం కోసం వెతుకుతాడన్న చోట, అది పద్యం కాదు తన సంగతే అన్న ఎరుక గొంతులోకి వస్తుంది. ఏడుపు ఎక్కడా కలపడు. పల్లవి చివరి మాట ‘ప్రేఁతాఁ’, వసంతం. రెండు వేర్వేరు అనునాసికాలు ఒకదాని వెనక ఒకటి. ఆ రెండింటి తేడా తిల్ దగ్గర విన్నాక, ఇతర భాషల గాయకులు రెండింటినీ ఒకటే చేసేయడం పంటికింద రాయిలా తగులుతుంది.

ఆ ఒక్క పాటతో ఆగకండి. మొదటి అంకంలో వెర్తేర్ ప్రకృతిని చూసి పాడే భాగం ఎత్తుగా ఏమీ పోదు గాని తిల్ గొంతు మధ్య స్థాయి ఎంత నిండుగా ఉండేదో అక్కడే తెలుస్తుంది. అదే అంకం చివర వెన్నెల్లో షార్లొత్‌తో సంవాదం ఇంకా మేలు. వాలేఁ నిజానికి సొప్రానో (ఆడగొంతుల్లో పై స్థాయి), పాత్ర అంతకంటే కింది స్థాయిది. అయినా మాట పలికే తీరులో ఇద్దరిదీ ఒకే బడి కాబట్టి, సంభాషణ పాటలోకి ఎప్పుడు జారిందో తెలియదు. ఇదే జంట, బాస్ (మంద్ర స్థాయి) గాయకుడు ఆఁద్రే పెర్నే తోడుగా, 1935లో షర్పాఁత్యే ‘లూయీజ్’ సంక్షిప్త రికార్డింగులోనూ పాడారు. స్వరకర్త బతికుండగా, ఆయన ఆమోదంతో జరిగింది. నిర్వహణ యూజేన్ బీగో.

మిగిలిన పాత్రలు త్వరగా. 1928లో పుచ్చీనీ ‘తురందోత్’ ఫ్రాన్సులో మొదటిసారి ఆడినప్పుడు పారిస్‌లో నాయకుడు కలాఫ్‌గా పాడింది ఆయనే. అదే ఏడు ఇటలీలో వెరోనాలోని రోమన్ కాలపు బయలు రంగస్థలంలోనూ అదే పాత్ర, పైకప్పు లేకుండా, మైకు లేకుండా. 1933లో కాఁతలూబ్ ‘వెర్సేఁజెతొరిక్స్’లో నాయకపాత్ర తొలిసారి పాడింది ఆయనే. ఇవి కాక సాంసన్, ఫౌస్ట్, రోమియో, ‘కార్మెన్’లో డాన్ హొజే, బెర్లియోజ్ ‘లే త్రువాయేఁ’లో ఎనియాస్. వాగ్నర్ పాత్రల్లో లోహెన్‌గ్రిన్, టాన్‌హాయ్‌జర్, పార్సిఫాల్, అన్నీ ఫ్రెంచిలోనే. పారిస్‌లో అప్పట్లో విదేశీ ఒపెరాలన్నీ ఫ్రెంచిలోకి మార్చి పాడేవారు. జర్మన్ మాట లేకుండా వాగ్నర్ ఏమిటని మూతి విరిచేవాళ్ళు ఆయన లోహెన్‌గ్రిన్ మూడో అంకపు కథనం వినాలి. హల్లుల మీద గుద్దకుండా, పొడవైన వాక్యాన్ని ఒకే తీగలా లాగి, రహస్యం చెప్పినట్టు మొదలెట్టి పెంచుకుంటూ పోతాడు.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో 1931 మార్చి 20న రోమియోగా అడుగుపెట్టి రెండు సీజన్లు పాడాడు. 1932లో అక్కడే గాయని లిల్లీ పోన్స్‌తో దెలీబ్ ‘లాక్మే’లో జెరాల్డ్ వేశాడు. మన పాఠకులకు ఆ కథలో ఒక తమాషా: బ్రిటిష్ ఇండియాలో బ్రాహ్మణ పూజారి కూతురు ఇంగ్లీషు సైనికాధికారిని ప్రేమించి, చివరికి ఉమ్మెత్త తిని చనిపోతుంది. కథ నమ్మశక్యంగా ఉండదు, సంగీతం బాగుంటుంది.

ఇప్పుడు రికార్డులు వినడంలో వచ్చే చిక్కులు. ఇవి తెలియకే చాలామంది పాత గాయకులను తక్కువ అంచనా వేస్తారు. 1925కు ముందు మైకు లేకుండా కొమ్ములాంటి గరాటులోకి పాడి గీసిన రికార్డుల్లో 3000 కంపనాల పైన దాదాపు ఏమీ పడేది కాదు. స, ఫ, ష వంటి ధ్వనులు పోయేవి. కరూసో రికార్డులన్నీ ఆ కాలానివే. తిల్ ముఖ్యమైన కొలంబియా రికార్డులు మైకు వచ్చాక చేసినవి, 5000 పైదాకా పడ్డాయి. అంటే ఆయన గొప్పతనమైన హల్లులు రికార్డులో ఉన్నాయి. వాటిని పోగొడుతున్నది ఇప్పటివాళ్ళు. పాత పళ్ళెం బుసబుస తగ్గించాలని కంప్యూటర్‌లో శబ్దాన్ని గట్టిగా తుడిచేస్తారు, దాంతోపాటు హల్లులూ పోతాయి, గొంతు దూదిలో చుట్టినట్టవుతుంది. యూట్యూబ్‌లో ఒకే పాటకు నాలుగైదు ప్రతులుంటే, బుస ఎక్కువున్నదే ఎంచుకోండి. రెండు నిమిషాల్లో చెవి బుసను మరిచిపోతుంది, పోయిన ‘స్’ను మాత్రం తిరిగి తెచ్చుకోలేదు.

వేగం ఇంకో సమస్య. పాత పళ్ళెం నిమిషానికి డెబ్భై ఎనిమిది చుట్లు తిరుగుతుందన్నది పేరుకే. చుట్ల సంఖ్య కంపెనీని బట్టి, రోజును బట్టి కొద్దిగా మారేది. 80 చుట్లకు గీసిన పళ్ళెం 78కి తిప్పితే శ్రుతి దాదాపు అర మెట్టులో సగం పడిపోతుంది. 78ది 82.6కి తిప్పితే హార్మోనియంపై పక్క మీటకు పోతుంది. వేగం పెరిగితే గొంతు సన్నబడి కుర్రగొంతులా, తగ్గితే బరువుగా వినిపిస్తుంది. ‘నాజూకు’ అన్న అభిప్రాయాల్లో కొన్ని ఇలా పుట్టినవే కావచ్చు. సరిచూసుకోవడం సులువు. ఫోనులో తంబూరా శ్రుతిని పాట శ్రుతికి పెట్టండి, ‘సల్యూ దెమూర్’కైతే ఐదున్నరకు. పాట దానికి కుదిరితే సరే. ఒక మీట కింద ఉంటే గాయకుడే శ్రుతి దించి ఉండవచ్చు, అది అప్పుడూ ఇప్పుడూ మామూలే. రెండు మీటల మధ్య ఎక్కడో ఉంటే తప్పు వేగానిది. పావు మెట్టు దించి పాడే బృందం ఉండదు. పారిస్‌లో ‘ఎ’ స్వరం అప్పట్లో 435, 440 కంపనాల మధ్య ఉండేది కాబట్టి ఆ కొద్ది తేడా పట్టించుకోనక్కర్లేదు. తిల్ గురువు దె లూచియా రికార్డులకైతే ఈ జాగ్రత్త మరీ అవసరం. ఆయన తరచూ శ్రుతి దించేవాడు, పాత ప్రతులు చాలావరకు ఎక్కువ వేగంతో చలామణి అయ్యాయి, చివరికి గొంతు సన్నగా వణికినట్టు వినిపించి లోకం ఆయన్ని అపార్థం చేసుకుంది.

అసలు పళ్ళేలు చేతికి దొరికినవాళ్ళకు ఒక మాట. ఎల్పీ (తర్వాత వచ్చిన ప్లాస్టిక్ రికార్డు) ముల్లుతో వాటిని పెట్టొద్దు. ఎల్పీ ముల్లు కొన 18 నుంచి 25 మైక్రాన్లు, పాత పళ్ళెపు గాడికి 75 మైక్రాన్ల దాకా కావాలి. సన్నముల్లు గాడి అడుగున దుమ్ములో దొర్లి బుస రెట్టింపు చేస్తుంది. యాంప్లిఫయర్‌లో ఎల్పీల కోసం 1954లో స్థిరపడిన సర్దుబాటు ఉంటుంది. అది 10,000 కంపనాల దగ్గర ధ్వనిని 13.7 డెసిబెళ్ళు తగ్గిస్తుంది. పాత పళ్ళేలకు అంత తగ్గింపు అక్కర్లేదు, మళ్ళీ హల్లులే బలి. పళ్ళేలను స్పిరిటుతో తుడవకండి, లక్క కరిగిపోతుంది. ఆ లక్క అప్పట్లో ప్రపంచానికంతటికీ ఎక్కువగా మన దేశం నుంచే వెళ్ళేది, తిల్ గొంతు మోసిన పళ్ళేల్లోనూ మన చెట్ల లక్క ఉండే అవకాశం ఎక్కువే.

ఆయనలో లోపాలు లేవని కాదు. బరువైన పాత్రలు ఎక్కువగా మోసినందువల్ల కాబోలు, 1930ల చివరికి పై స్వరాల్లో మెత్తదనం తగ్గింది. నెమ్మదిగా పాడాల్సినచోట గట్టిగా పాడటం పెరిగింది. నటన సంగతి అడక్కండి. 1939లో ఆబెల్ గాఁస్ తీసిన ‘లూయీజ్’ సినిమాలో గ్రేస్ మూర్ సరసన జూలియెఁ వేషం వేశాడు. కుర్ర కవి పాత్ర, ఆయనకు నలభై దాటాయి, కెమెరా ముందు కొయ్యబారిపోయాడు. పాడేటప్పుడు పెదవులు, దవడ ఎంత తక్కువ కదులుతాయో చూడటానికి ఆ సినిమా పనికొస్తుంది. సంగీత విద్యార్థులు ఆ దృశ్యాలను శబ్దం లేకుండా ఒకసారి చూస్తే మంచిది. పాట వినాలంటే మాత్రం 1935 రికార్డే.

కొత్తగా వినేవాళ్ళు ‘వెర్తేర్’ మూడో అంకంతో మొదలుపెట్టి, గూనో పాటలు రెండూ విని, ఆ తర్వాత అలెవీ ‘లా జ్వీవ్’లోని ‘రషెల్’ వినండి. 1835లో నూరీ కోసమే పుట్టిన పాత్ర అది. తండ్రి కూతురి ప్రాణాన్ని తూచే పాట. రెండు కోర్ ఆఁగ్లేలు (ఊదే వాద్యాలు) ముందు రాగం ఎత్తుకుంటాయి. చిట్టచివర లోహెన్‌గ్రిన్, ‘లే త్రువాయేఁ’. బెర్లియోజ్ భాగాన్ని ముందే పెట్టుకుంటే వాద్యబృందం జోరులో గొంతు సంగతి పట్టుబడదు. చెవిలో పెట్టుకునే బడ్స్‌లో బాస్ పెంచే సర్దుబాటు ఉంటే తీసేయండి.

చివరగా వ్యాసంలోని రెండు పొరపాట్లు సవరణగా వేయమని మనవి. తిల్‌కు పేరు తెచ్చింది న్యూయార్క్ అని రాశారు. అక్కడికి వెళ్ళేనాటికే ఆయన పారిస్‌లో ఏడేళ్ళు పాడి ఉన్నాడు. యుద్ధంతో ఆయన పాట ఆగిపోయిందని కూడా రాశారు. 1953లో కూడా ఒపెరా కొమీక్‌లో ‘పాల్యాచ్చీ’లో కానియోగా వేషం కట్టాడు, ఆయన చనిపోయింది 1984 అక్టోబరు 17న, దక్షిణ ఫ్రాన్సులోని లోర్గ్ అనే ఊళ్ళో.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం